కాల్ చేయాలా, పడేయాలా? పోకర్‌లో సగటు రాబడిని చింతగింజలతో లెక్కవేసే పద్ధతి

"సార్, ముక్క పడితే గెలుస్త, పడకపోతే ఓడిపోత. ఫిఫ్టీ ఫిఫ్టీయే గదా?"

నల్లగొండలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తాను. దసరా, సంక్రాంతి సెలవుల్లో మా డాబా మీద చాప పరిచి ముక్కలు కలిపినప్పుడల్లా ఎవరో ఒకరు ఈ మాట అంటారు. ఇంటర్ రెండో సంవత్సరం 2ఎ పుస్తకంలో యాదృచ్ఛిక చలరాశుల పాఠం చదివి, మధ్యమం కట్టి, మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలే అంటారు. పుస్తకంలో కట్టిన లెక్క చేతిలో ముక్కలు పట్టుకోగానే ఎందుకు గుర్తురాదో నాకు అర్థమయ్యేసరికి చాలా ఏళ్లు పట్టింది. పుస్తకంలో సంభావ్యత ఇచ్చి లెక్క కట్టమంటారు. ఆటలో దాన్ని మనమే అంచనా వేసుకోవాలి. ఆ పని ఎలా చేయాలో అందరూ అడుగుతున్నారు కాబట్టి, పిల్లలకు నేర్పించే వరుసలోనే రాస్తున్నాను.

ముందుగా ఆ ఫిఫ్టీ ఫిఫ్టీ సంగతి. రేపు వాన పడొచ్చు, పడకపోవచ్చు. ఏప్రిల్ నెలలో మన దగ్గర ఈ రెండూ సమానమని ఏ రైతూ అనడు. ఫలితాలు రెండే అయినంత మాత్రాన అవకాశాలు సగం సగం కావు. ఎన్ని ముక్కలు మిమ్మల్ని గెలిపిస్తాయో, ఎన్ని ఓడిస్తాయో లెక్కపెట్టాలి.

ఇక సగటు రాబడి. ఇదే సందర్భం మీకు చాలాసార్లు ఎదురై, ప్రతిసారీ ఇదే నిర్ణయం తీసుకుంటే, ఒక్కోసారికి సగటున ఎన్ని గింజలు వస్తాయి లేదా పోతాయి అన్నదే ఆ అంకె. 1654లో గణితవేత్తలు పాస్కల్, ఫెర్మా ఉత్తరాలు రాసుకుని తేల్చిన చిక్కు కూడా ఇలాంటిదే: మధ్యలో ఆగిపోయిన ఆటలో పందెం సొమ్మును ఇద్దరికీ ఎలా పంచాలని. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

డబ్బు పెట్టకండి

ఇక్కడ లెక్కంతా చింతగింజలతోనే. నైపుణ్యం ఆట కదా, డబ్బు పెడితే తప్పేమిటని కొందరు వాదిస్తారు. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆటేనని సుప్రీంకోర్టు 1967లో చెప్పింది నిజమే. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసు అది. మూడు ముక్కలాటను మాత్రం ఆ వరుసలో కలపలేదు. కానీ తెలంగాణ 2017లో తన గేమింగ్ చట్టాన్ని సవరించింది. నైపుణ్యం ఆటైనా సరే, తేలని ఫలితం మీద డబ్బు ఒడ్డితే జూదమే అయింది. 2025లో కేంద్రం తెచ్చిన చట్టం ఆన్‌లైన్‌లో డబ్బుతో ఆడే ఆటలను దేశమంతటా నిషేధించింది. చట్టం ఒక్కటే నా కారణం కాదు. నేర్చుకునేవాడు తప్పులు చేస్తూనే నేర్చుకోవాలి. తప్పుకు గింజ పోతే మళ్లీ కూర్చుంటాడు. ఫీజు డబ్బు పోయినవాడు లెక్క వదిలేసి, పోయింది రాబట్టుకోవాలనే చూస్తాడు.

కావలసినవి

- జోకర్లు తీసేసిన 52 ముక్కల పేక ఒకటి.
- ఆటగాడికి 200 చింతగింజలు. లేకపోతే శనగలు, గవ్వలు, ఏవైనా. పల్లీలు వద్దు, ఆట అయ్యేలోపు తినేస్తారు.
- ఒక నోటుపుస్తకం, పెన్ను. ఇది లేకుండా మొదలుపెట్టకండి.
- ఇద్దరు ముగ్గురు ఓపిక ఉన్న స్నేహితులు.

ఆట టెక్సాస్ హోల్డెమ్. చేతికి రెండు ముక్కలు, నేల మీద అందరికీ కలిపి ఐదు. మొదట మూడు తెరిస్తే ఫ్లాప్, నాలుగోది టర్న్, ఐదోది రివర్. ఒడ్డిన గింజల కుప్ప పాట్. కొత్తగా ఒడ్డేది బెట్. ఎదుటివాడి బెట్‌కు సమానంగా పెట్టి ఆటలో ఉండటం కాల్, ముక్కలు వదిలేసి తప్పుకోవడం పడేయడం. మిగతా ఆట నియమాలు మీకు తెలుసనే అనుకుంటున్నాను.

పోకర్ కొత్త అయితే, మనవాళ్లందరికీ వచ్చిన పదమూడు ముక్కల రమ్మీతో చేయి తిప్పుకోండి. మొదట్లోనే డ్రాప్ అయితే 20 పాయింట్లు. ఆడి ఓడితే చేతిలో ఎంత మిగిలితే అంత, ఫుల్ కౌంట్ 80. ముక్కలు చూశాక, "ఆడితే మూడింట ఒకసారి గెలుస్తాను, ఓడినప్పుడు సగటున 30 మిగులుతాయి" అనుకున్నారనుకోండి. మూడు ఆటల్లో రెండు ఓటములు, 60 పాయింట్లు. అంటే ఆటకు 20. డ్రాప్ అయినా 20 పోతుంది కాబట్టి రెండూ ఒకటే. ముక్కలు అంతకన్నా ఏమాత్రం బలహీనంగా ఉన్నా డ్రాపే మేలు. ఈ లెక్కకు పేరు తెలియకుండానే మా పెద్దనాన్న జీవితమంతా ఇలాగే ఆడాడు.

1. పాట్‌లో ఎన్ని గింజలున్నాయో లెక్కపెట్టండి

ఎదుటివాడు ఇప్పుడే పెట్టిన బెట్ కూడా కలపండి. పాట్‌లో 60 ఉంటే, అతను 20 పెట్టాడు. మీకు దొరకగలిగేది 80. మీరు పెట్టాల్సింది 20.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఆ 60లో 25 మీరు ఇంతకుముందు పెట్టినవే కావచ్చు. పాట్‌లో పడ్డ గింజ ఇక మీది కాదు. "ఇప్పటికే ఇంత పెట్టిన, ఇప్పుడెట్ల ఇడుస్త?" అనే మాట ఈ లెక్కలోకి రానే కూడదు. ఈ మాట నేను పేకాటలో కన్నా పొలాల దగ్గర ఎక్కువ విన్నాను. మా నాన్న బత్తాయి తోటకు మూడో బోరు వేయించింది అచ్చంగా ఈ మాట అనే. దాని గురించి ఏడో మెట్టులో రాస్తాను.

2. గెలుపు ముక్కలు లెక్కపెట్టండి

ఏ ముక్క తెరుచుకుంటే మీరు గెలుస్తారో అది గెలుపు ముక్క. ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా దాన్నే పట్టుకుందాం.

మీ చేతిలో ఇస్పేటు జాకీ, ఇస్పేటు ఆరు. నేల మీద నాలుగు ముక్కలు: ఇస్పేటు రాజు, ఇస్పేటు తొమ్మిది, డైమను రెండు, ఆటీను నాలుగు. ఇంకొక్క ముక్కే తెరవాలి. ఎదుటివాడి దగ్గర రాజుల జత ఉందని మీ అనుమానం.

ఇస్పేట్లు మొత్తం 13. నాలుగు కనిపిస్తున్నాయి. మిగిలినవి 9. ఏ ఇస్పేటు పడినా మీకు ఫ్లష్, అంటే ఒకే గుర్తు ముక్కలు ఐదు. కాబట్టి గెలుపు ముక్కలు 9.

తరచుగా వచ్చేవి గుర్తుంచుకోండి: ఫ్లష్‌కు ఒక్క ముక్క తక్కువైతే 9. స్ట్రెయిట్‌కు (వరుస అంకెల ఐదు ముక్కలకు) రెండు చివర్లా అవకాశం ఉంటే 8. మధ్యలో ఒక్క ముక్కే లోటైతే 4.

తప్పులు ఎక్కువగా దొర్లేది ఈ మెట్టులోనే. నా పుస్తకంలో సగం తప్పులు ఇక్కడివే.

ఒక తప్పు, ఒకే ముక్కను రెండుసార్లు లెక్కపెట్టడం. చేతిలో ఇస్పేటు జాకీ, ఇస్పేటు పది ఉన్నాయి. ఫ్లాప్‌లో ఇస్పేటు రాణి, ఇస్పేటు మూడు, కళావరు తొమ్మిది. ఫ్లష్‌కు 9, స్ట్రెయిట్‌కు రాజులు నాలుగు, ఎనిమిదులు నాలుగు కలిపి 8, మొత్తం 17 అంటారు. కానీ ఇస్పేటు రాజు, ఇస్పేటు ఎనిమిది రెండు లెక్కల్లోనూ ఉన్నాయి. నిజమైన లెక్క 15.

ఇంకో తప్పు, చెడిపోయిన ముక్కను మంచి ముక్క అనుకోవడం. పై ఉదాహరణకే మళ్లీ వద్దాం. ఎదుటివాడి దగ్గర జత కాకుండా మూడు తొమ్మిదులు ఉంటే? ఇస్పేటు రెండు పడితే మీకు ఫ్లష్ వస్తుంది. కానీ నేల మీద రెండ్లు జతై అతనికి ఫుల్‌హౌస్ (ఒకే అంకెవి మూడు, ఇంకో అంకెవి రెండు) పడుతుంది, అది ఫ్లష్‌ను ఓడిస్తుంది. ఇస్పేటు నాలుగుదీ అదే కథ. మీ 9 కాస్తా 7 అయింది. అతని దగ్గర ఇస్పేటు ఆసు, ఇస్పేటు రాణి ఉంటే మీ ఫ్లష్ పడిన ప్రతిసారీ మీరే ఓడతారు. అనుమానం ఉన్న ముక్కను పూర్తిగా కొట్టేయనక్కర్లేదు, అర ముక్కగా లెక్కపెట్టండి. పిల్లలు మొదట నవ్వుతారు, "అర ముక్క ఏంది సార్" అని. రెండు వారాలయ్యాక వాళ్లే రాస్తారు.

3. శాతాల జోలికి పోకుండా 46 ముక్కల లెక్క కట్టండి

శాతాలతో చేయమని చాలామంది చెప్తారు. నా అనుభవంలో పిల్లలకు ముక్కలతోనే తేలిక.

మీకు కనిపించేవి ఆరు ముక్కలు. కనిపించనివి 46. ఆ 46లో ప్రతి ముక్కా ఒక్కోసారి రివర్‌గా తెరుచుకుందనుకోండి. అంటే 46 ఆటలు.

9 ఆటల్లో గెలుస్తారు. 9 × 80 = 720 గింజలు వచ్చాయి.

37 ఆటల్లో ఓడతారు. 37 × 20 = 740 గింజలు పోయాయి.

46 ఆటల్లో మొత్తం 20 గింజల నష్టం. ఒక్కో ఆటకు సగటున అర గింజ కన్నా తక్కువ. పడేస్తే సగటు రాబడి సున్నా. కాబట్టి ఇంతవరకు చూస్తే పడేయడమే వెంట్రుకవాసి మేలు.

ఫ్లాప్ దగ్గరైతే కనిపించేవి ఐదే కాబట్టి 46 బదులు 47 వాడండి.

ఆట మధ్యలో ఇంత గుణకారం కష్టమైతే ఒక అడ్డదారి ఉంది. ఒక్క ముక్క మిగిలి ఉంటే గెలుపు ముక్కలను 2తో, రెండు ముక్కలు మిగిలి ఉంటే 4తో గుణించండి. వందకు ఎన్నిసార్లో వస్తుంది. 9 ముక్కలకు 18 అని వస్తుంది, అసలు లెక్క 19.6. కొంచెం తక్కువ చూపిస్తుంది, ఫర్వాలేదు. 4తో గుణించినప్పుడు మాత్రం ముక్కలు 8 దాటితే ఎక్కువ చూపిస్తుంది. 15 ముక్కలకు 60 అంటుంది, నిజానికి 54. దిద్దుబాటు సులువు: 8కి పైన ఎన్ని ముక్కలున్నాయో అన్ని తీసేయండి. 60 లోంచి 7 పోతే 53.

4. 4తో ఎప్పుడు గుణించకూడదో తెలుసుకోండి

ఈ తప్పు బాగా ఆడేవాళ్లు కూడా చేస్తారు కాబట్టి దీనికి వేరే మెట్టు పెట్టాను.

ఫ్లాప్ దగ్గర మీకు 9 గెలుపు ముక్కలు. పాట్ 60, ఎదుటివాడు 40 పెట్టాడు. "రెండు ముక్కలు రావాలి, నాకు వందకు 35 అవకాశం" అని కాల్ చేస్తారు. 0.35 × 100 లోంచి 0.65 × 40 తీస్తే 9 గింజల లాభం. లెక్క తప్పు లేదు. కానీ ఇది ఎప్పుడు నిజం? మీ గింజలన్నీ అయిపోయి, లేదా అతనివన్నీ అయిపోయి, ఇక బెట్‌కు తావు లేనప్పుడు మాత్రమే.

ఇద్దరి దగ్గరా ఇంకా గింజలు ఉంటే మీరు 40తో కొనేది ఒక్క ముక్కనే. రెండో ముక్కకు టర్న్ దగ్గర అతను మళ్లీ ధర చెప్తాడు. ఒక్క ముక్కకే లెక్క కడితే 9 × 100 = 900 రావడం, 38 × 40 = 1520 పోవడం. 47 ఆటల్లో 620 నష్టం, ఆటకు 13 పైనే. అవే ముక్కలు, అదే పాట్. ఒక లెక్కలో 9 లాభం, ఇంకో లెక్కలో 13 నష్టం. గుణించే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: దీని తర్వాత ఇంకా బెట్ ఉంటుందా? ఉంటే 2.

5. ముక్క పడ్డాక ఇంకెంత వస్తుందో చూడండి

మూడో మెట్టులో 46 ఆటలకు 20 గింజల నష్టం దగ్గర ఆగాం. ఇస్పేటు పడ్డాక మీరు బెట్ పెడితే అతను కొన్నిసార్లు కాల్ చేస్తాడు కదా. ఆ గింజలు లెక్కలోకి రాలేదు.

నష్టాన్ని గెలుపు ముక్కలతో భాగించండి. 20 ÷ 9, రెండు గింజల కన్నా కొంచెం ఎక్కువ. అంటే ముక్క పడిన ప్రతిసారీ అతని దగ్గర సగటున ఇంకో రెండు మూడు గింజలు రాబట్టగలిగితే కాల్ లాభమే. అతని ముందు 60 గింజలు ఉండి, రాజుల జతను వదలని మనిషైతే నిశ్చింతగా కాల్ చేయండి.

అదే గెలుపు ముక్కలు 7 అనుకుంటే? 7 × 80 = 560, 39 × 20 = 780. లోటు 220. దాన్ని 7తో భాగిస్తే 31 పైనే. పడిన ప్రతిసారీ 31 గింజలు రాబట్టాలి, నేల మీద మూడు ఇస్పేట్లు కనిపిస్తుండగా. కష్టం. పడేయండి. రెండు ముక్కల తేడాకే నిర్ణయం తిరగబడింది. రెండో మెట్టులో అంతసేపు ఆగమన్నది ఇందుకే.

6. ఐదు ముక్కలూ తెరిచాక, ఎదుటివాడి ముక్కల జాబితా రాయండి

రివర్ తర్వాత గెలుపు ముక్కలంటూ ఏమీ ఉండవు. ఇప్పుడు ప్రశ్న, అతని చేతిలో ఏముండొచ్చు?

నేల మీద: ఇస్పేటు రాజు, ఇస్పేటు ఎనిమిది, డైమను నాలుగు, ఆటీను రెండు, కళావరు జాకీ. మీ చేతిలో ఆటీను రాజు, కళావరు రాణి. పాట్‌లో 90 ఉంటే, అతను 60 పెట్టాడు. మీకు రావాల్సింది 150, పెట్టాల్సింది 60.

మిమ్మల్ని ఓడించేవాటిలో, అతను ఇంతవరకు ఆడిన తీరును బట్టి అతని దగ్గర ఉండొచ్చనిపించేవి రాయండి. రాజు, జాకీ: మిగిలిన రాజులు 2, జాకీలు 3, కాబట్టి 6 రకాలు. మూడు ఎనిమిదులు (మిగిలిన మూడింట్లో ఏ రెండైనా అతని చేతిలో) 3 రకాలు, మూడు నాలుగులు 3, మూడు రెండ్లు 3. ఆసు, రాజు: 4 × 2 = 8. మొత్తం 23.

మీరు ఓడించేవి రాయండి. ఇస్పేటు ఫ్లష్ కోసం చూసి దొరకనివాడు: ఇస్పేటు ఆసుతో ఇంకో ఇస్పేటు 10 రకాలు. రాణి పది, రాణి తొమ్మిది, పది తొమ్మిది, తొమ్మిది ఏడు, ఏడు ఆరు, ఆరు ఐదు, అన్నీ ఇస్పేట్లే, 6 రకాలు. మొత్తం 16. కానీ దొరకనప్పుడు ప్రతిసారీ 60 గింజలు పెట్టి బ్లఫ్ చేసే, అంటే మంచి ముక్కలు ఉన్నట్టు నమ్మించే ధైర్యం అందరికీ ఉండదు. సగం సార్లు చేస్తాడనుకుందాం: 8. మీలాగే రాజు, రాణి పట్టుకుంటే సమానం, దాన్ని వదిలేశాను.

31 ఆటల్లో 8 గెలుపులు: 1200. 23 ఓటములు: 1380. నష్టం 180, ఆటకు దాదాపు 6 గింజలు. పడేయాలి.

ఇప్పుడు అసలు పని. జాబితాలో దేనిమీద మీకు ఎక్కువ అనుమానం ఉందో దాన్ని మార్చి మళ్లీ కట్టండి. ఆసు, రాజు ఉన్నవాడు మొదట్లోనే బెట్ పెంచి ఉండేవాడు కదా? మీరు అతనితో పది సాయంత్రాలు ఆడారు, ఆసు, రాజుతో అతను ఎప్పుడూ ఊరుకోలేదు. అయితే ఆ 8 తీసేయండి. ఓటములు 15 అవుతాయి, పోయేది 900. వచ్చేది 1200. 23 ఆటల్లో 300 లాభం, ఆటకు 13. ఇప్పుడు కాల్.

నిర్ణయమంతా ఒక్క ప్రశ్న మీద నిలబడి ఉంది: ఆసు, రాజుతో ఇతను మొదట్లో పెంచుతాడా? ఆటలో మీరు గమనించాల్సింది ఇలాంటివి. ముఖం ఎర్రబడిందా, గింజలు గట్టిగా విసిరాడా అని చూసేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, ముందు ఇది చూడండి.

మీరే బ్లఫ్ చేయాలనుకుంటే లెక్క చిన్నది. పాట్ 60, మీరు పెట్టేది 40. పదిలో నాలుగుసార్లు అతను పడేస్తే 240 వస్తుంది, ఆరుసార్లు చూస్తే 240 పోతుంది. కాబట్టి పదిలో నాలుగుకు మించి పడేసే మనిషి మీదే చేయాలి. "ఏముందో సూద్దాం పా" అని ప్రతిదానికీ కాల్ చేసే బావలు ప్రతి ఇంట్లో ఉంటారు. వాళ్ల మీద బ్లఫ్ చేయకండి. మంచి ముక్కలు పడినప్పుడు నిండుగా బెట్ పెట్టండి.

7. ఇన్నిసార్లు ఆడే శక్తి మీకుందా చూడండి

సగటు అనేది చాలా ఆటల మీద తేలే మాట. 46లో 9 గెలుపు ముక్కలున్న కాల్‌ను లాభమని లెక్క కట్టి చేసినా, వరుసగా పదిసార్లు ఓడిపోయే అవకాశం వందకు 11. అంటే తొమ్మిది మందిలో ఒకరికి అలా జరుగుతుంది. 200 గింజలతో కూర్చున్నవాడికి ఆ పది కాల్స్‌తో 200 గింజలూ పోయినట్టే. లెక్క తప్పలేదు, కానీ ఆట అయిపోయింది.

బోరు సంగతి ఇప్పుడు చెప్తాను. మా పొలం కాలువ నీళ్లు అందని చోట ఉంది. బత్తాయి చెట్లు కాపుకొచ్చే వయసులో పాత బోరు ఎండింది. కొబ్బరికాయ పట్టుకుని పాయింట్ చూపించేవాడు వచ్చాడు, బోరు బండి వచ్చింది, నీళ్లు పడలేదు. మళ్లీ వేశారు, పడలేదు. మూడోసారి వేసేటప్పుడు మా నాన్న అన్న మాట మొదటి మెట్టులో రాశాను.

ఆ రోజుల్లో నాకు ఈ లెక్క రాదు. ఇప్పుడు, అంకెలు కేవలం ఉదాహరణకే, ఇలా కడతాను. బోరుకు లక్ష ఖర్చు, నాలుగింట ఒకసారి నీళ్లు పడతాయి, పడితే తోట మీద ఐదు లక్షలు వస్తాయి. నాలుగు బోర్లకు నాలుగు లక్షలు పోయి ఐదు లక్షలు వస్తే, సగటున బోరుకు పాతిక వేలు లాభం. పోకర్ లెక్కలో ఇది కాల్. కానీ మూడు లక్షల అప్పు మాత్రమే పుట్టే రైతుకు మూడూ ఎండిపోయే అవకాశం ఎంత? మూడు పావులను మూడుసార్లు గుణిస్తే 64లో 27, వందకు 42. అతనికి నాలుగో బోరు లేదు. సగటు అతన్ని కాపాడదు.

కాబట్టి మెట్టు ఇది: లాభమని తేలిన ప్రతి కాల్‌కు ముందు, వరుసగా ఎన్నిసార్లు ఓడితే నేను లేచిపోవాల్సి వస్తుందో చూడండి. ఆ సంఖ్య ఐదు కన్నా తక్కువైతే చిన్న లాభాల వెంట పడకండి, పెద్ద లాభం వచ్చేదాకా ఆగండి. గింజలాటలో దీన్ని పాటించకపోయినా ఫర్వాలేదు. బోరు దగ్గర, షాపు పెట్టే దగ్గర, పాలమూరు నుంచి ముంబై పనికి పోదామా వద్దా అనే దగ్గర పాటించండి.

8. పుస్తకం రాయండి

ముక్క తెరవకముందే రాయాలి. తెరిచాక రాసింది చెల్లదు, ఎందుకంటే తెరిచాక ప్రతివాడికీ ముందే తెలిసినట్టు అనిపిస్తుంది. ఒక్కో వరుసలో ఐదు విషయాలు: పాట్ ఎంత, పెట్టాల్సింది ఎంత, వందకు నా అంచనా, నా నిర్ణయం, చివరికి ఏం జరిగింది. ఒక్కో ఆటకు అర నిమిషం పడుతుంది. మిగతావాళ్లు విసుక్కుంటే, వాళ్లకూ ఒక పుస్తకం ఇవ్వండి.

లెక్క సరిగా వస్తోందో లేదో ఎలా చూడాలి?

మొదటి పరీక్ష ఒంటరిగా చేయొచ్చు. రెండో మెట్టులోని ఆరు ముక్కలను బయట పెట్టండి. మిగిలిన 46 కలిపి పైముక్క తెరవండి, రాయండి, మళ్లీ కలపండి. ఇలా 46 సార్లు. సరిగ్గా 9 ఇస్పేట్లు రావాలని లేదు. 4 రావచ్చు, 14 రావచ్చు. ఆ హెచ్చుతగ్గులను ఒక్కసారి చేత్తో చూసినవాడు, ఒక ఆట ఓడగానే "లెక్క తప్పు" అని మళ్లీ అనడు.

రెండో పరీక్షకు పుస్తకం కావాలి. మీరు "వందకు 20" అని రాసిన ఆటలను వేరు చేయండి. అలాంటివి 40 పోగయ్యాక ఎన్ని గెలిచారో చూడండి. 8కి అటూ ఇటూ ఉండాలి. 3 నుంచి 13 దాకా వస్తే కంగారు పడకండి. అది దాటితే అంచనాలో లోపం ఉంది. నా దగ్గర పిల్లల్లో ఎక్కువమందికి తక్కువే వస్తుంది. కారణం దాదాపు ఎప్పుడూ రెండో మెట్టులోని చెడిపోయిన ముక్కలే. 40 పోగవకముందు తీర్పు చెప్పుకోకండి.

మూడో పరీక్ష కొంచెం బాధ పెడుతుంది. గెలిచిన ఆటల్లోంచి, లెక్క ప్రకారం నష్టమని తేలినా కాల్ చేసినవి ఏరండి. ముక్క పడింది కాబట్టి అవి మంచి కాల్స్‌లా గుర్తుండిపోయి ఉంటాయి. వాటి మీద ఎర్ర సిరాతో గీత పెట్టండి. ఓడిన ఆటల్లో లెక్క సరిగా ఉన్నవాటికి టిక్ పెట్టండి.

ఇక మీరు ఒకటి కట్టండి. పాట్ 100, ఎదుటివాడు 50 పెట్టాడు. ఒక్క ముక్కే మిగిలి ఉంది. మీకు స్ట్రెయిట్‌కు రెండు చివర్లా అవకాశం, 8 గెలుపు ముక్కలు, అన్నీ మంచివే. బెట్ పెట్టాక అతని ముందు ఇంకా 40 గింజలున్నాయి.

8 × 150 = 1200. 38 × 50 = 1900. లోటు 700. దాన్ని 8తో భాగిస్తే 87 పైనే. ముక్క పడిన ప్రతిసారీ అతని దగ్గర ఇంకో 87 గింజలు రాబట్టాలి, అతని దగ్గర ఉన్నవే 40. పడేయండి.